బీరమ్మ గంట కోసం పాలమూరు దాకా

పట్టణాల్లో నేలలో పడిపోయిన లోహాన్ని వెతకదలచినవారికి నేను ఇవ్వగల మొదటి సలహా ఇది: కారు డిక్కీలో నిమ్మకాయలు, పసుపుకొమ్ములు, బతికున్న కోడిపుంజు పెట్టుకుని బయలుదేరకండి. కారణం పానగల్ దగ్గర చెబుతాను.

నా ఉద్యోగం తూకపు యంత్రాలూ ఒత్తిడి మీటర్లూ నిజం చెబుతున్నాయో లేదో పరీక్షించడం. ఈ అలవాటు ఉద్యోగంతో ఆగలేదు. ఆ మధ్య ఒక మెటల్ డిటెక్టర్ కొని, హైదరాబాదులో మా కాలనీ ఖాళీ స్థలాలన్నీ అనుమతి తీసుకుని మరీ గాలించాను. ఫలితంగా రకాలవారీగా వేరుచేసిన ఒక సంచెడు సీసా మూతలు నా సొంతమయ్యాయి. ఆ సంచిని నా భార్య "మీ ఆస్తి" అంటుంది. నాకు నియమాలు రెండు. పాత గుడీ కోటా కనిపిస్తే యంత్రం బయటికి రాదు. స్థలం ఎవరిదో వారిని అడగనిదే మట్టి కదలదు.

ఆ బుధవారం నా బామ్మర్ది సత్తయ్య ఫోన్ చేశాడు. అతనిది కట్టంగూర్. బత్తాయి తోట సాగు చేస్తాడు, ఎదుటివాణ్ణి వెక్కిరించే అవకాశాన్ని ఎన్నడూ వదులుకోడు.

"బావా, నీ మిషన్‌కు కంచు గంట దొరుకుతదా?"

"ఎంత లోతులో ఉంది? వ్యాసం ఎంత?"

"గవన్ని నాకేం ఎర్క? పొట్టేలు మెడల కట్టే గంట. పాలమూరుల పోయింది. బీరమ్మక్క ఏడుస్తాంది."

బీరమ్మది కొత్తకోట దగ్గరి పల్లె. నూటికి పైగా గొర్రెలున్న మందను భర్త మల్లేశ్‌తో కలిసి మేపుతుంది. కొన్నేళ్లుగా ఆ మంద మేతకు వచ్చినప్పుడల్లా సత్తయ్య దాన్ని తన తోటలో రాత్రిళ్లు ఆపించుకుంటాడు. గొర్రెల పెంట పడిన తోటకు వేరే ఎరువు అక్కరలేదు గనుక, అందుకు బియ్యమూ కొంత నగదూ ఇవ్వడం ఆనవాయితీ. ఈసారి ఆమె మందను పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, అంచున ఒక ఖాళీ ప్లాటులో ఆపింది. పిచ్చిమొక్కలు మేపించుకోవచ్చని ప్లాటు యజమానే పిలిచాడు. కానీ పొట్టేలు మెడలో గంట మోతకు నిద్ర పట్టడం లేదని చుట్టుపక్కల ఇళ్లవాళ్లు అన్నారు. మాట పడడం ఇష్టంలేని బీరమ్మ గంట విప్పి, ఎవరి కంటా పడకుండా ప్లాటు మూలన పెంటకుప్పలో పూడ్చింది. పొద్దున్నే ఒక గొర్రె ఈనలేక అవస్థ పడుతుంటే దాన్ని ఆటోలో వేసుకుని పశువుల దవాఖానకు పోయింది. మందను మేతకు తోలుకుపోయిన భర్తకు గంట ఎక్కడ పెట్టిందో చెప్పలేదు. ఆమె తిరిగి వచ్చేసరికి జేసీబీ వచ్చి ప్లాటును అరచేయిలా చదును చేసి వెళ్లిపోయింది.

"కొత్త గంట కొనుక్కోవచ్చు కదా?" అన్నాను.

"కొన్నది. గది మోగంగనే పొట్టేలే బెదిరి మంద నడుమ దూరింది. పాత చప్పుడు ఇనకుంటె ఎనుక గొర్లు రోడ్డు దాటయి బావా. తోలితే చీలుతయి, చీలితే లారీ కింద పడ్తయి."

"లారీలో ఎక్కించి దాటిస్తే?"

"దాటేది ఒక్క రోడ్డా? కృష్ణ ఒడ్డు దాకా ఎన్ని రోడ్లు, ఎన్ని కాలువలు! తోటి మందలు కొత్తకోట కాడ ఆగినయి. శనివారం లోపు గీమె కదలకుంటె అందుకోదు. పాలమూరుల మేత అయిపోయింది. బేరగాడు రోజూ బండేసుకొని వచ్చి, అడ్డికి పావుశేరు లెక్క మందంత అడుగుతాండు."

అంటే పిడికెడు కంచు దొరకకపోతే శనివారానికి ఒక మంద అమ్ముడుపోతుంది. గురువారం పొద్దున నేను కట్టంగూర్‌లో ఉన్నాను.

నల్లగొండ: వరుసలో పడిన నాణేలు

సత్తయ్య నన్ను నేరుగా పాలమూరు తీసుకుపోవడానికి ఒప్పుకోలేదు. "ముందు నాకు చూపియ్యి. ఊరికె ఆ తల్లికి ఆశ పెట్టొద్దు," అన్నాడు. పరికరాన్ని వాడే ముందు పరీక్షించాలనడం న్యాయమే కనుక నేను వాదించలేదు. దేవరకొండలో తన మేనత్తకు ఇవ్వాలని డిక్కీలో ఒక సంచి నిమ్మకాయలు, పచ్చడికి పసుపుకొమ్ములు, కాళ్లు కట్టిన కోడిపుంజు వేశాడు. ఇద్దరం నల్లగొండ చేరాం.

పట్టణంలో ఎక్కడ వెతకాలనే విషయంలో నాకొక సిద్ధాంతం ఉండేది. మనుషులు డబ్బు తీసే చోట డబ్బు రాలుతుంది. అందువల్ల టీ కొట్ల ముందూ, కూరగాయలు అమ్మే చోటా వెతకాలి. ఒక టీ కొట్టు యజమానిని అడిగి ఆయన బల్లల ముందు నేల గాలించాను. మేకులు వచ్చాయి. సోడా మూతలు వచ్చాయి. యజమాని ఎప్పుడో పోగొట్టుకున్న షట్టర్ తాళంచెవి కూడా వచ్చింది. ఆయన సంతోషంతో టీకి డబ్బు తీసుకోలేదు. కానీ ఆ తాళం పగలగొట్టించి చాలా కాలమైందట.

"డబ్బులు పెట్టి తాగితే పది రూపాయల చాయ్. మనం ఒక పూట కష్టపడి తాగినం," అన్నాడు సత్తయ్య.

తరువాత ఊరి చివర ఒక మట్టిబాట దొరికింది. యంత్రం అక్కడ పాడింది. ఆ మాట అతిశయోక్తి కాదు. ఇనుము మీద దాని గొంతు బొంగురుగా ఉంటుంది, నాణెం మీద సన్నగా, శుభ్రంగా ఉంటుంది. నాలుగడుగులకు ఒక రూపాయి. ఇంకో నాలుగడుగులకు రెండు రూపాయల బిళ్ల. మళ్లీ రూపాయి. అన్నీ ఒకే వరుసలో, బాటకు ఎడమవైపున. నేను సిద్ధాంతాన్ని అక్కడికక్కడే సవరించుకున్నాను: మనుషులు ఆగే చోట కాదు, నడిచే చోట రాలుతాయి! సత్తయ్య జేబు బరువెక్కింది. ఇద్దరం చిన్నపిల్లల్లా కేకలు వేస్తూ ముందుకు పోయాం.

మోపెడ్ మీద గడ్డిమోపుతో వస్తున్న ఒక పెద్దమనిషి బండి ఆపాడు.

"ఏం ఏరుతున్రు సారూ?"

"పైసలు దొరుకుతున్నయి పెద్దనాయినా!" అన్నాడు సత్తయ్య, జేబు మోగిస్తూ.

"దొరుకుతయి. గీడ పీనుగ లేశినప్పుడల్లా చల్లుతరు గదా. గా ముంగట కనవడేది బొందలగడ్డ."

హైదరాబాదులో మా కాలనీలో అంతిమయాత్ర వ్యానులో జరుగుతుంది. ఎవరైనా పేలాలూ చిల్లరా చల్లినా రెండు వీధులతో సరి. ఇక్కడ ఇంటి నుంచి శ్మశానం దాకా నడిచే పోతారు, నడిచినంత మేరా చల్లుతారు. ఈ తేడాను నేను ఆసక్తితో గమనిస్తూండగా సత్తయ్య జేబును తేలు దూరినంత వేగంగా బోర్లించాడు.

"ముసలోళ్ల మీద చల్లినయైతె మంచియే," అని ఓదార్చాడు పెద్దమనిషి. "పిల్లగాండ్ల మొలతాడుకు కడితె ఆయుష్షు. పడుసోళ్ల మీదియైతె ముట్టొద్దు."

"మరి గివి ఎవలియి?"

"పైసల మీద పేర్లు రాస్తరా కొడుకా?"

సత్తయ్య నాణేలన్నీ ఒకచోట పోసి పారిపోదామన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఏది ఎక్కడిదో గుంతలు చెబుతూనే ఉన్నాయి కనుక, రూపాయిని రూపాయి గుంతలో, రెండు రూపాయల బిళ్లను దాని గుంతలో తిరిగి పూడ్చాను. పెద్దమనిషి మోపెడ్ స్టాండు వేసి చివరిదాకా చూశాడు.

"ఇంట్ల ఏం పని లేదా సారూ మీకు?" అని మర్యాదగా అడిగి వెళ్లిపోయాడు.

బోరు మోటారు దగ్గర కాళ్లూ చేతులూ తలా కడుక్కున్నాక సత్తయ్య తీర్పు చెప్పాడు. "మిషన్ మంచిదే బావా. పట్టుకున్నోనికే అక్కల్ లేదు. పాలమూరు పోదాం."

పానగల్: డిక్కీలో సాక్ష్యాలు

పట్టణం పక్కనే పానగల్. అక్కడి పాత గుడిలో గర్భగుడి గోడ మీద పడే నీడను చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. పొద్దు నడిచినా ఆ నీడ నడవదంటారు. యంత్రాన్ని సంచిలో పెట్టి, సంచికి ముడివేసి, డిక్కీలో పెట్టి లోపలికి పోయాను. ఏ స్తంభం మీద ఏ వైపు నుంచి వెలుగు పడుతుందో లెక్కించుకుంటూ పరమానందంలో మునిగిపోయాను. బయటికి వచ్చేసరికి మా కారు చుట్టూ పదిమంది ఉన్నారు.

జరిగింది ఇది. సత్తయ్య కోడిపుంజుకు నీళ్లు పెట్టడానికి డిక్కీ తెరిచాడు. దారిన పోయే ఒకాయనకు నిమ్మకాయలు కనిపించాయి. తరువాత పసుపుకొమ్ములు. తరువాత కోడి. "గా సంచిల ఏముంది?" అని అడిగితే, అబద్ధం చేతకాని మా సత్తయ్య, "భూమిల ఉన్నది చూసే మిషన్," అన్నాడు.

గుప్తనిధులు తవ్వేవాళ్లు మా ప్రాంతంలో అందరికీ తెలిసిన పీడ. పాత గుళ్లలో రాళ్లు పెకిలిస్తారు, ముందు నిమ్మకాయలు కోసి, పసుపు చల్లి, కోడిని బలి ఇస్తారు. వాళ్ల సామగ్రిలో మా దగ్గర లేనిది కుంకుమ ఒక్కటే.

"కుంకుమ ఏడ దాచిండ్రు?" అని గద్దించాడు ఒకాయన.

"కుంకుమ లేదన్నా, మా మేనత్త తెమ్మనలేదు," అన్నాడు సత్తయ్య.

"ఏ మేనత్త?"

"దేవరకొండ మేనత్త. నిమ్మకాయలు తొక్కుకు, కోడి కూరకు."

"మరి మిషన్?"

"అది గొర్రె గంటకు."

నిజాన్ని ఇంత క్లుప్తంగా చెబితే ఎంత అన్యాయంగా వినిపిస్తుందో నాకు ఆ రోజు తెలిసింది. నేను ముందుకు వచ్చి లోహాల వాహకత్వం గురించి వివరించాను. అంతవరకూ సత్తయ్యను అనుమానించినవాళ్లు అప్పటినుంచి నన్ను అనుమానించసాగారు. ఎవరో పోలీసులకు ఫోన్ చేద్దామన్నారు. చేయండి, మంచిదే అన్నాను. అప్పుడు, అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న ఒక అవ్వ గొంతెత్తింది.

"ఓరి, జర ఆగుండ్రిరా. నిధులోళ్లు పొద్దూకినంక దొంగతనంగ వస్తరు. గీళ్లు పట్టపగలు వచ్చి, డిక్కీ తెర్సి, కోడికి నీళ్లు వెట్టి, అడిగినోనికల్ల మిషన్ ఉన్నదని చెప్తాండ్రు. గింత అక్కల్ లేనోళ్లతోని నిధులు ఎల్తయారా?"

అందరూ నవ్వారు. మమ్మల్ని నిర్దోషులుగా వదిలేశారు. ఒకే రోజున నా అక్కల్ గురించి, అంటే బుద్ధి గురించి, రెండోసారి వచ్చిన ఈ అభిప్రాయాన్ని సత్తయ్య దేవరకొండ దాకా ఆస్వాదించాడు. అవ్వ ఇచ్చిన చిక్కుడుకాయలు కూడా డిక్కీలో చేరాయి.

దేవరకొండ: అడగకుండా వడ్డించే ఇల్లు

మా ఇంట్లో అతిథిని "ఏం తింటారు?" అని అడుగుతాం. దేవరకొండ మేనత్త అడగలేదు. కోడిని ఇటు అందుకుని అటు కూరగా తెచ్చింది అనిపించింది. జొన్నరొట్టె, కారం నిండిన పులుసు, పక్కన పచ్చిపులుసు. చాలు అని చేయి అడ్డం పెడితే చేతి మీదే వడ్డించింది. మా ప్రయాణం సంగతి విని ఆమె ఒక్కటే మాట అంది. "నూరు జీవాలు ఒక్క చప్పుడు మీద బతుకుతున్నయంటె, ఆ చప్పుడు దొరకాలె బిడ్డా."

అంతవరకూ సరదాగా ఉన్న నేను భోజనం కాగానే యంత్రం బ్యాటరీని ఛార్జింగులో పెట్టాను. రాత్రి అక్కడే పడుకుని, శుక్రవారం పొద్దున వేరుశనగ చేలూ బోడి గుట్టలూ దాటుకుంటూ పడమరకు సాగాం. దారిలో ఒకచోట ప్లేటు ఇరవై రూపాయల మిర్చి బజ్జీలు తిన్నాం. ఉల్లిగడ్డ ముక్కలు ఎన్నిసార్లు అడిగినా వేశారు. హైదరాబాదులో ఉల్లి కోసం రెండోసారి అడిగితే మొహం చూస్తారు.

మహబూబ్‌నగర్: శుభ్రమైన నేల

బీరమ్మను నేను ఏడుస్తున్న మనిషిగా ఊహించుకున్నాను. ఆమె భుజాన చిన్న గొర్రెపిల్లతో, చేతులకు లావు వెండి కడియాలతో, మొదట నా యంత్రాన్నీ తరువాత నన్నూ పైనుంచి కిందిదాకా చూసింది.

"గిదేంది తమ్మీ, ఊడ్చే కట్టె తెచ్చిండు మీ బావ?" అంది సత్తయ్యతో.

పొట్టేలు పేరు సర్దార్. మెలితిరిగిన కొమ్ములు, విశాలమైన నుదురు, తనకు జరిగిన అవమానాన్ని మరువని చూపు. అది రోడ్డు దాకా నడిచేది, వెనక్కి చూసేది, ఒక్క గొర్రె కూడా కదలకపోతే తిరిగి వచ్చేది. మందంతా రోడ్డు పక్క బీడులో ఎండుగడ్డి పరకల కోసం నేలను గోకుతోంది. కొంచెం దూరంలో తెల్లటి డీసీఎం వ్యాను నీడలో బేరగాడు బీడీ కాలుస్తున్నాడు.

"రేపటి దాకనే అక్కా," అన్నాడు వినబడేలా. "ఎల్లుండి గీ రేటు కూడ రాదు."

"రేపు ఇంక కాలేదు గదా," అంది బీరమ్మ. కానీ ఆమె చేయి గొర్రెపిల్ల కాళ్లను గట్టిగా పట్టుకోవడం చూశాను.

ప్లాటు యజమాని ఫోన్లోనే అనుమతి ఇచ్చాడు. నేను తాడుతో నేలను గడులుగా విభజించి, ఒక్కో గడిని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి గాలించాను. ఏమీ మోగలేదు. ఏమీ అంటే ఒక్క మేకు లేదు, ఒక్క మూత లేదు. చీకటి పడే వేళకు బీరమ్మ జోకులు ఆగిపోయాయి. మల్లేశ్ బేరగాడి వ్యాను వైపు నడిచి, ఏదో మాట్లాడి వచ్చాడు.

ఆ రాత్రి లాడ్జిలో నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం దోమలు కాదు. ఇళ్ల నడిమి ఖాళీ స్థలంలో ఒక్క సీసా మూత లేకపోవడమేమిటి? మా కాలనీలో నేను చూసిన ఏ ఖాళీ స్థలమూ అంత శుభ్రంగా లేదు. గంట దొరకలేదన్న బాధలో ముఖ్యమైన కొలతను పట్టించుకోలేదు. మూతలు లేవంటే, మూతలు రాలిన పై పొర అక్కడ లేదు. నేను గాలించింది ఎవరూ ఎన్నడూ తొక్కని అడుగు మట్టిని!

శనివారం తెల్లవారగానే ప్లాటు దగ్గరికి పరుగెత్తాను. "మట్టి పోయింది! గంట మట్టితో పాటే పోయింది! మట్టి ఎక్కడ?" అని అరిచాను. మంద పక్కన పొయ్యి రాజేస్తున్న బీరమ్మ లేచి నిలబడింది. పక్క ఇంట్లోంచి ఒక ఇల్లాలు టీ గ్లాసులతో బయటికి వచ్చింది. గంట మోత గురించి ఫిర్యాదు చేసిన ఇళ్లలో ఆమెదీ ఒకటట. అప్పటినుంచి రోజూ టీ తెచ్చి ఇస్తోందట.

"ఆ మట్టా? మా ఇంటి ముంగల నుంచే ట్రాక్టర్ల పోయింది సార్. గొర్ల పెంట మట్టి అని నేను రెండు తట్టలు అడిగిన, మా గులాబీ కుండీలకు. ఇయ్యలే. రోడ్డు నడుమ చెట్లకు పోస్తున్నమన్నడు ట్రాక్టరాయన."

అందరం రోడ్డు వైపు చూశాం. నాలుగు వరుసల రోడ్డు నడుమ, పొడుగాటి డివైడర్ నిండా కొత్తగా నాటిన పూలమొక్కలు గాలికి ఊగుతున్నాయి. మంద దాటలేకపోయిన రోడ్డు అదే.

డివైడర్ మీద

ఆ మొక్కలకు నీళ్లు పోసే నర్సమ్మ ట్యాంకర్‌తో అప్పుడే వచ్చింది. ఆమె తన పైఅధికారికి ఫోన్ చేసి, స్పీకర్‌లో మా కథ మొత్తం చెప్పించింది. ఆయన కాసేపు నవ్వి, మొక్కలు పాడుచేయకుండా చూసుకోమన్నాడు.

"ఒక్క చెట్టు ఎండినా సంవత్సరం దినాలు నీళ్లు నువ్వే పొయ్యాలె సారూ," అని నర్సమ్మ తన షరతు కలిపింది.

డివైడర్‌కు రెండువైపులా, జనం దాటే సందుల దగ్గర తప్ప, ఇనుప కమ్మీల కంచె. యంత్రానికి అది తలకు రెండువైపులా డప్పులు కొట్టడం లాంటిది. నేను నేల మీద తిప్పే పెద్ద కాయిల్ తీసి, అరచేతి వెడల్పున్న చిన్న కాయిల్ బిగించి, అడ్డంగా కాకుండా కంచెకు సమాంతరంగా మోకాళ్ల మీద జరగసాగాను. గొర్రె పెంటికలు కనిపించే నల్ల మట్టి ఎక్కడ మొదలవుతుందో బీరమ్మ చెప్పింది. అక్కడి నుంచి మూతలు మొదలయ్యాయి. ఎన్ని మూతలు! సీసా మూతను చూసి జీవితంలో అంత సంతోషించలేదు. ప్రతి మూతకూ నేను "ఇదే మట్టి!" అని అరుస్తుంటే సత్తయ్య చప్పట్లు కొట్టాడు.

ఆటోలు నెమ్మదించాయి. మొదటివాడు "బాంబా సార్?" అని అడిగి జవాబు వినకుండానే వేగం పెంచాడు. రెండోవాడు ఆగాడు.

"ఎవలన్న పెద్దమనిషి వస్తుండా?"

మెటల్ డిటెక్టర్‌ను జనం చూసేది పెద్దవాళ్ల కాన్వాయ్ వచ్చే ముందే కదా. సత్తయ్య ఎంతో గంభీరంగా, "వస్తుండు. సర్దార్," అన్నాడు. రోడ్డుకు రెండువైపులా జనం పోగయ్యారు. పింఛన్ కాగితం చేతబట్టుకుని ఒక పెద్దాయన ముందు వరుసలో నిలబడ్డాడు. బేరగాడి డీసీఎం కూడా మంద దగ్గరికి వెళ్లలేక జనం వెనుక ఆగిపోయింది. అతను దిగి వచ్చి కంచె పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, పొద్దెక్కుతాంది. ఎక్కిద్దామా?"

బీరమ్మ నా పక్కనే డివైడర్ మీద గొంతుక్కూర్చుని, నేను జరిగితే జరుగుతోంది, నేను ఆగితే ఆగుతోంది.

అప్పుడు యంత్రం పాడింది. బొంగురు లేదు, తడబాటు లేదు. నిలువుగా చూసినా అడ్డంగా చూసినా అదే అంకె, అదే సన్నని స్వరం, జానెడు లోతులో. నేను చిన్న తాపీతో మట్టి తీయబోతే బీరమ్మ నా చేయి పక్కకు తోసి, వేళ్లతోనే పూలమొక్క వేరును తప్పిస్తూ తవ్వింది. మట్టిముద్ద ఒకటి బయటికి వచ్చింది. దానికి తెగిన తోలు పట్టీ వేలాడుతోంది.

ఆమె పైట కొంగుతో దాన్ని తుడిచి, మళ్లీ తుడిచింది. నర్సమ్మ ట్యాంకర్ పైపు తెచ్చి నీళ్లు వదిలింది. మట్టి కారిపోయింది. లోపల నాలుక అలాగే ఉంది. బీరమ్మ తోలు పట్టీకి ముడి వేయడానికి తాడు వెతుక్కుంటూ, గంటను ఒక్క క్షణం నా చేతికిచ్చింది.

పరీక్షించకుండా ఏ పరికరాన్నీ తిరిగి ఇవ్వకూడదన్నది మా వృత్తి ధర్మం. ఊపాను.

"అన్నా, మోగియ్యకు!" అని బీరమ్మ అరిచేసరికే ఆలస్యమైంది.

బీడులో సర్దార్ తల ఎత్తింది. దాని వెనుక నూరు తలలు లేచాయి. తరువాత మల్లేశ్ అరుపు, ధూళి, గిట్టల చప్పుడు. జనం రెండుగా చీలారు. ఆటోలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. సర్దార్ నేరుగా నా వైపు వచ్చి, ముందు కాళ్లు డివైడర్ అంచు మీద పెట్టి, కొమ్ములు నా ఛాతీ ఎత్తున నిలిపి నిలబడింది. క్షణంలో రోడ్డు కనబడలేదు. నా చుట్టూ ఉన్నివీపులే.

"చెయ్యి ఆపు అన్నా! అది మోగుతనే ఉన్నది!"

"నేను ఊపడం లేదు! చెయ్యే వణుకుతోంది!"

"సర్దార్ అంటె గీయననా?" అన్నాడు పింఛన్ పెద్దాయన, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ.

బీరమ్మ కంచె కమ్మీని పట్టుకుని ఒక్క ఊపున దూకి, పొట్టేలు మెడ కౌగిలించుకుని గంట కట్టింది. సర్దార్ తల ఒకసారి విదిల్చింది. ఆ చప్పుడు నేను ఊపినప్పటిలా లేదు. నిదానంగా, అడుగుకొకటిగా ఉంది. అది వెనక్కి చూడలేదు. డివైడర్ సందులోంచి దూరి అవతలి రెండు వరుసలూ దాటింది. మంద మొత్తం ఒక్కటి చీలకుండా, ఒక్కటి వెనుదిరగకుండా, పోసిన నీళ్లలా దాని వెనుక దాటింది. ఆగిన లారీ డ్రైవర్లు తలలు బయటపెట్టి చూస్తున్నారు.

దాటినంత మాత్రాన మంద ఆగలేదు. దక్షిణపు రోడ్డు పట్టింది.

"ఓ మల్లేశూ! గిన్నెలు! వల! సద్ది!" అని బీరమ్మ అరిచింది. గొంగళ్లు, మేకులు, పడకలు, పొయ్యి మీద అన్నం అన్నీ ప్లాటు పక్కనే ఉన్నాయి. మంద మాత్రం కొత్తకోటకు బయలుదేరిపోయింది. సత్తయ్య మా కారు వైపు పరుగెత్తాడు. మల్లేశ్ కాలుతున్న అన్నం గిన్నె పంచె చెంగుతో పట్టుకుని పరుగెత్తాడు. ఎవరో నా రెండు చేతుల్లోకి రెండు గొర్రెపిల్లల్ని తోశారు. ఆ పిల్లలు తల్లుల కోసం అరుస్తుంటే నేనూ పరుగెత్తాను. "సారూ, మీ మిషన్!" అని నర్సమ్మ వెనుక నుంచి కేకవేసింది.

మంద వెనుక ఇరుక్కుపోయి, నడక వేగంతో కదులుతున్న తెల్ల డీసీఎం నుంచి బేరగాడు తల బయటపెట్టాడు.

"అక్కా! పోనీ ఆ పొట్టేలు ఒక్కదాన్ని ఇయ్యి! రేటు నువ్వే చెప్పు!"

బీరమ్మ నడక ఆపలేదు. తల మాత్రం తిప్పింది. నేను ఆమెను మొదటిసారి నోరారా నవ్వగా చూశాను.

"రేటు చెప్పాల్నంటె అది ఆగాలె గద తమ్మీ. ఆగుతాందా?"